గుద్దుకి ఎదురెళ్లొద్దు బాస్.. పక్కకి పంపించండి!

రెండేళ్ల క్రితం దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ టిఫిన్ బండి దగ్గర నా ముక్కు పగిలింది.

రాత్రి పదకొండు దాటింది. ఇడ్లీ తినేసి బండి వెనక్కి తీస్తుంటే చక్రం ఎవరి బైక్‌కో తగిలింది. గీత కూడా పడలేదు. 'సారీ అన్నా' అన్నాను. అతను వినే మూడ్‌లో లేడు. మాటా మాటా పెరిగింది. అతని కుడి భుజం వెనక్కి వెళ్లడం నేను చూశాను. అవును, చూశాను! చూసి, స్కూల్లో నాలుగేళ్లు నేర్చుకున్న కరాటే ప్రకారం ఎడమ ముంజేతిని నుదుటి మీదికి ఎత్తి 'అగే ఉకే' పెట్టాను. కుడి పిడికిలిని నడుం దగ్గరికి లాక్కున్నాను. ఎవరైనా ఫొటో తీసుంటే కరాటే క్లాస్ ఫ్లెక్సీ మీద వేసుకోవచ్చు. అంత నీట్‌గా వచ్చింది.

గుద్దు మాత్రం నేననుకున్నట్టు ఎదురుగా రాలేదు. పక్క నుంచి తిరిగి వచ్చింది.

కళ్లముందు తెల్లగా ఓ మెరుపు. వెనక్కి పడిపోతుంటే ఎవరో చంకల కింద చేతులు వేసి పట్టుకున్నారు. మా తమ్ముడు. అప్పుడు టెన్త్ చదువుతున్నాడు, సెలవులకి విజయవాడ నుంచి నా దగ్గరికి వచ్చాడు. డాక్టర్ ఎక్స్‌రే చూసి, ముక్కు ఎముక కొంచెం చిట్లిందని, మూడు వారాల్లో సర్దుకుంటుందని చెప్పారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, 'నువ్వు పట్టుకున్నావు కాబట్టి ముక్కుతో పోయింది. తల రోడ్డుకి తగిలుంటే వేరే కథ' అన్నారు. ఒక్క గుద్దుకి మనిషి పోయాడని వార్తలు చదువుతాం చూడండి, వాటిలో చాలాసార్లు ప్రాణం తీసేది ఆ గుద్దు కాదట. స్పృహ తప్పి పడినప్పుడు తల కాంక్రీటుకి కొట్టుకోవడమట.

ఆటోలో ఇంటికొస్తుంటే తమ్ముడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

'అన్నయ్యా, నీది బ్రౌన్ బెల్ట్ కదా?'

వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. విజయవాడలో మా హాల్లో ఆ బెల్ట్ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి ఉంటుంది. వాడు ఊహ తెలిసినప్పట్నుంచి దాన్ని చూస్తూ పెరిగాడు. ముక్కు కంటే ఆ ప్రశ్నే ఎక్కువ రోజులు నొప్పి పెట్టింది.

తప్పు కరాటేదా, నాదా?

మొదట్లో కరాటేని బాగా తిట్టుకున్నాను. తర్వాత కొంచెం చదివి, కొంతమంది సీనియర్లని కలిసి అడిగాక తెలిసింది, నాకు తెలిసింది కరాటేలో సగమేనని.

'ఉకే' అంటే బ్లాక్ అని, అడ్డుకోవడం అని మాకు చెప్పారు. నిజానికి ఆ జపనీస్ మాట 'ఉకేరు' అనే క్రియ నుంచి వచ్చింది. దానికి అర్థం అందుకోవడం, స్వీకరించడం. గోడ కట్టడం కాదన్నమాట, వచ్చినదాన్ని చేత్తో అందుకుని దాని దారిన దాన్ని పంపడం. ఈ విద్య ఒకినావా దీవుల్లో పుట్టింది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి స్కూళ్లలో పాఠంగా చేరింది. 1922లో గిచిన్ ఫునకోషి దాన్ని టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతా పాకింది. వందమంది పిల్లల్ని వరసల్లో నిలబెట్టి 'ఇచ్, నీ, సాన్, షీ' అని లెక్కపెడుతూ నేర్పించాలంటే కదలికలు పెద్దగా, స్పష్టంగా, అందరివీ ఒకేలా ఉండాలి కదా. మా స్కూల్ గ్రౌండ్‌కి వచ్చింది ఆ రూపమే.

ఓ సీనియర్ మాస్టారు నా అగే ఉకే చూసి నవ్వారు. 'పైకి లేచే చెయ్యి సంగతి తర్వాత. దానికంటే ముందు మొహం ముందు నుంచి అడ్డంగా వెళ్తుందే ఇంకో చెయ్యి, అదేంటి?' అన్నారు. ప్రిపరేషన్ సర్ అన్నాను. 'కాదు. ముందు గుద్దుని పక్కకి నెట్టేది అదే. నువ్వు అసలు పనిని ప్రిపరేషన్ అనుకుని, మిగిలినదాన్ని బ్లాక్ అనుకున్నావు' అన్నారు. నాలుగేళ్లు, వారానికి మూడు క్లాసులు. ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. లేదా చెప్పినప్పుడు నేను పక్కోడితో మాట్లాడుతూ ఉండుంటాను.

ఇంకో సంగతి కూడా ఉంది. మేం చేసిన జోడీ ప్రాక్టీసులో అవతలివాడు 'జోదాన్' అని ముందే అరిచి కొట్టేవాడు. అంటే 'మొహం మీద కొడుతున్నా, కాచుకో' అని. టిఫిన్ బండి దగ్గర మనిషి అలా ఏమీ చెప్పలేదు.

స్కేలుతో ఓ చిన్న టెస్ట్

గుద్దుని చూసి ఆపేస్తాం అనుకునేవాళ్లంతా ఓసారి ఇది చేసి చూడండి. 30 సెంటీమీటర్ల స్కేలుని ఫ్రెండ్‌కి ఇచ్చి నిలువుగా పట్టుకోమనండి. సున్నా ఉన్న చివర మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాలి. అతను చెప్పకుండా వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీ రియాక్షన్ టైమ్ సెకనులో అయిదో వంతు. 30 దగ్గర పట్టుకుంటే దాదాపు పావు సెకను. నాకు 26 దగ్గర దొరికింది. మా తమ్ముడికి 19. వాడు పబ్‌జీ ఆడతాడు లెండి.

ఇప్పుడు అసలు చిక్కు. చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి వదిలిన జాబ్, అంటే ముందు చేత్తో వేసే సూటి గుద్దు, మన మొహం చేరడానికి కూడా ఇంచుమించు అంతే టైమ్ పడుతుంది. బాగా నేర్చినవాడిదైతే ఇంకా తక్కువ. పైగా స్కేలు పట్టుకోవడానికి రెండు వేళ్లు కదిలిస్తే సరిపోయింది. నడుం దగ్గరున్న చెయ్యి మొహం దాకా రావాలంటే అడుగున్నర ప్రయాణం. అంటే ఆ రాత్రి నా చెయ్యి బయల్దేరేసరికే మ్యాచ్ అయిపోయింది.

కాబట్టి గుద్దుని పక్కకి మళ్లించే విద్య మొదలయ్యేది గుద్దు వచ్చినప్పుడు కాదు, అంతకంటే ముందు. చేతులు అప్పటికే పైన ఉండాలి, మనిషి అప్పటికే చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండాలి. అప్పుడు కొట్టాలంటే అవతలివాడు అడుగు ముందుకు వెయ్యాల్సిందే. ఆ అడుగే మనకి వార్నింగ్ బెల్. పిడికిలిని చూస్తూ కూర్చుంటే లాభం లేదు, అది కంటికి ఆనదు. మెడ కింద, ఛాతీ మధ్యలో చూపు ఉంచితే రెండు భుజాలూ ఒకేసారి కనిపిస్తాయి. ముందు కదిలేవి భుజాలే.

దర్వాజ కాడ నిలబడు సాలు

ముక్కు మానాక ఓ బాక్సింగ్ జిమ్‌లో చేరాను. ఏసీ లేదు, అద్దాలు లేవు. ఇనుప రేకుల షెడ్, నాలుగు బ్యాగులు, తాళ్లు వదులైపోయిన రింగ్. మా సర్‌ది నిజామాబాద్ వైపు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ది మా ఊరేనని రోజుకోసారైనా చెప్పకపోతే ఆయనకి ముద్ద దిగదు. 'ఆ బౌట్ల వీడియోలు పెట్టుకొని చూడుర్రి, గని చేతులు జూడకుర్రి, కాళ్లు జూడుర్రి' అంటారు.

మొదటి నెలంతా నాకు ఒక్క గుద్దు కూడా నేర్పలేదు. పారీ ఒక్కటే. అరచేత్తో తట్టడం.

చెప్పడానికి చాలా ఈజీ. ఎదుటివాడి ఎడమ చెయ్యి వస్తే మన కుడి అరచెయ్యి, వాడి కుడి చెయ్యి వస్తే మన ఎడమ అరచెయ్యి. అద్దంలో చూసుకున్నట్టన్నమాట. వేళ్లు దగ్గరగా మూసి ఉండాలి, చాపితే విరుగుతాయి. వాడి మణికట్టుని బయటివైపు నుంచి లోపలికి ఓ చిన్న తట్టు. దోమని తోలినంత. వెంటనే చెయ్యి మళ్లీ గడ్డం దగ్గరికి. అంతే.

చేస్తే మాత్రం ఛండాలంగా వచ్చింది. సర్ గ్లవ్ కదలగానే నా చెయ్యి దాన్ని పట్టుకోవడానికి మూడడుగులు ముందుకి పరిగెత్తేది. ఆయన ఎడమ చేత్తో ఉత్తుత్తిగా ఓసారి కదిలించి, నా చెయ్యి అటు వెళ్లగానే ఖాళీ అయిన చెంప మీద కుడి చేత్తో మెల్లగా ఒకటి అంటించేవారు. పదిసార్లలో పదిసార్లూ పడ్డాను.

'ఎందుకురా గంత దూరం ఉరుకుతవ్?' అన్నారు చివరికి. 'ఆడు గుద్దనీకి మనింటికే వస్తుండు గదా. వానికి ఎదురువోయి సడక్ మీద కలుస్తవా? దర్వాజ కాడ నిలబడు సాలు.'

ఆ ఒక్క మాటతో నాకు సగం ట్యూబ్‌లైట్ వెలిగింది. మొహానికి జానెడు దూరంలోకి వచ్చేదాకా దాని జోలికి వెళ్లకూడదు. అప్పుడు తట్టినా సరిపోతుందా అన్న అనుమానానికి ఇంటికెళ్లి ఓ లెక్క వేసుకున్నాను. నా మొహం వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. అంటే ముక్కు నుంచి అంచుకి 7. పిడికిలి వెడల్పు 8, అందులో సగం 4. సరిగ్గా ముక్కు మీదికి వచ్చే గుద్దు నన్ను తాకకుండా పోవాలంటే 11 సెంటీమీటర్లు పక్కకి జరగాలి. మొత్తం చెయ్యే నెట్టాలంటే కష్టం. కానీ తల 6 సెంటీమీటర్లు ఒక పక్కకి జరిపి, చేత్తో గుద్దుని 5 సెంటీమీటర్లు రెండో పక్కకి నెడితే? అయిపోయింది! మోకాళ్లు కొంచెం వంచి, నడుం కొంచెం తిప్పితే తల ఆ మాత్రం జరుగుతుంది. ఎదురొస్తున్న ఆటోని మన బండితో గుద్ది ఆపం కదా, హ్యాండిల్ కొంచెం తిప్పుతాం. ఇదీ అంతే.

ముందుకి దూసుకొచ్చే చెయ్యి బలమంతా ముందుకే ఉంటుంది. పక్కకి నెట్టేటప్పుడు ఆ బలంతో మనకి పేచీ లేదు. 90 కిలోల మనిషి గుద్దుని 55 కిలోల అమ్మాయి తప్పించగలిగేది ఇందుకే. మా జిమ్‌లో ఇంటర్ చదివే ఓ అమ్మాయి నా జాబ్‌లన్నిటినీ చీపురుపుల్లల్లా తీసి పక్కన పెట్టేసేది. నవ్వుతూ మరీ. ఇంకో లాభం కూడా ఉంది. వాడి ఎడమ చెయ్యి లోపలివైపు మళ్లగానే అది వాడి కుడి చేతికే అడ్డం పడుతుంది. రెండో గుద్దు వెయ్యాలంటే మళ్లీ సర్దుకోవాలి. ఆ అర సెకను మనది.

ఫోన్ ఎత్తండి!

మరి నన్ను పడగొట్టిన గుద్దు? అది హుక్. మోచెయ్యి వంచి పక్క నుంచి తిప్పి కొట్టేది. రోడ్డు మీద తొంభై శాతం... సరే, శాతాల లెక్క నా దగ్గర లేదు కానీ, నేర్చుకోనివాళ్లు కోపంలో వేసేది ఎక్కువగా ఇలా తిరిగొచ్చే గుద్దే. దీన్ని అరచేత్తో తట్టడం కుదరదు. దాని దారే వంకర, ఇక పక్కకి మళ్లించేదేముంది?

దీనికి మా సర్ చెప్పిన కిటుకు మీకు ఇప్పటికే వచ్చు. రోజుకి యాభైసార్లు చేస్తారు. ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకోవడం! అరచెయ్యి చెవి వెనక తలకి అంటుకుని ఉండాలి, మోచెయ్యి ముందుకి, కిందికి చూడాలి, గడ్డం భుజంలోకి దించాలి. దెబ్బ ముంజేతి మీద పడుతుంది, కొంచెం మండుతుంది, మనిషి నిలబడి ఉంటాడు. పళ్లు బిగించి ఉంచాలి, నాలుక లోపలే ఉండాలి. నోరు తెరిచి అరుస్తూ ఉన్నప్పుడు దవడ మీద పడే దెబ్బ చాలా చెడ్డది. ముందుకి అడుగేసి వాడికి బాగా దగ్గరైపోయినా ఆ గుద్దులో పస ఉండదు, కానీ అది కొత్తవాళ్లకి చెప్పినంత సులువు కాదు.

ఇక రీల్స్ సంగతి. 'వింగ్ చున్‌తో గుద్దుని ఆపడం ఎలా' అని మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటుంది. ఒకడు గుద్ది, చెయ్యి అలాగే చాపి బొమ్మలా నిలబడతాడు. రెండోవాడు దాని మీద ఏడు రకాల దెబ్బలు వేస్తాడు. నిజంగా గుద్దినవాడు చెయ్యి అలా అద్దెకివ్వడు, వెంటనే వెనక్కి లాక్కుంటాడు. అలాగని వింగ్ చున్‌ని తీసిపారేయకండి. 2008లో వచ్చిన డానీ యెన్ సినిమాతో కొత్త తరానికి తెలిసిన ఇప్ మ్యాన్ 1950 నుంచి హాంకాంగ్‌లో నేర్పింది ఈ విద్యే. కుర్రతనంలో బ్రూస్ లీ నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. అందులో 'పాక్ సావ్' అచ్చంగా మా సర్ చెప్పే అరచేతి తట్టే. 'తాన్ సావ్' అంటే అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి ముంజేతిని చీలికలా లోపలికి పంపడం. గుద్దు దాని మీదుగా జారి బయటికి పోతుంది.

నాకు బాగా నచ్చింది వాళ్ల 'చీ సావ్' అభ్యాసం. ఇద్దరూ ముంజేతులు ఆనించుకుని గుండ్రంగా తిప్పుతుంటారు. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మెల్లగా అంటిస్తారు. కళ్లు మూసుకుని కూడా చేస్తారు. చూడ్డానికి ఇద్దరూ కలిసి పిండి కలుపుతున్నట్టు ఉంటుంది కానీ, దీని వెనక సైన్స్ ఉంది. కంటితో చూసి స్పందించడం కంటే చర్మానికి తగిలిన స్పర్శకి మన శరీరం త్వరగా స్పందిస్తుంది. చేతులు ఒకసారి తగిలాక, తర్వాత ఏం రాబోతోందో కంటికంటే చేతికే ముందు తెలుస్తుంది.

కరాటే, బాక్సింగ్, వింగ్ చున్.. ఏది గొప్పదన్న కామెంట్ల యుద్ధంలోకి నన్ను లాగకండి. నా వరకు తేడా పడింది ఒక్కచోటే. అవతలివాడు నిజంగా నన్ను తాకాలని ప్రయత్నించాడా, లేదా? ప్రయత్నిస్తే ఏ విద్యైనా పని చేయడం మొదలెడుతుంది. అందుకే మౌత్‌గార్డ్, గ్లవ్స్ వేసుకుని, నేర్పేవాళ్ల కళ్లముందే, ముందు మెల్లగా ఆడండి. జోడీ దొరక్కపోతే పాత సాక్సులో న్యూస్‌పేపర్ కుక్కి దారంతో గుమ్మానికి వేలాడదీయండి. ఊపి వదిలి, మొహం దగ్గరికి వచ్చాకే తట్టండి. నేను ఆరు నెలలు చేశాను. ఇంటి ఓనర్ ఆంటీ దిష్టిబొమ్మ అనుకుంది.

కత్తి ఉన్నవాడి మీద ఇవేవీ పనికిరావు. ముగ్గురు నలుగురు చుట్టుముట్టినా అంతే. ఆ రెండుసార్లకీ ఒకే టెక్నిక్, పరుగు.

కిందటి నెల

తమ్ముడు ఇప్పుడు ఇంటర్ సెకండియర్, నా దగ్గరే ఉంటున్నాడు. కిందటి నెల ఇద్దరం సెకండ్ షోకి వెళ్లాం. పార్కింగ్‌లో మళ్లీ అదే గోల. ఈసారి తప్పు మాది కూడా కాదు. మా ముందు కారు ఆపేసి, తియ్యమంటే దిగి మీదికొచ్చాడు. మందు వాసన.

నేను రెండు చేతులూ పైకెత్తాను. పిడికిళ్లు కాదు, తెరిచిన అరచేతులు, ఛాతీకి కొంచెం పైన. 'వద్దు బ్రదర్, వెళ్లిపోతున్నాం' అన్నట్టు. చూసేవాళ్లకి బతిమాలుతున్నట్టే ఉంటుంది. కానీ చేతులు అప్పటికే దర్వాజ దగ్గర ఉన్నాయి. ఓ అడుగు వెనక్కి వేశాను. అతను అడుగు ముందుకేశాడు. భుజం కదిలింది.

ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తు లేదు. కుడి అరచేతికి ఏదో తగిలిన సంగతి మాత్రం గుర్తుంది. అతని చెయ్యి నా చెవి పక్క నుంచి వెళ్లింది. తన ఊపుకి తనే తూలి, కారు బానెట్ మీద చేతులు ఆనించాడు. వీపు మొత్తం నా ఎదురుగా ఉంది. కొట్టాలంటే అంత మంచి ఛాన్స్ మళ్లీ రాదు.

తమ్ముడి చెయ్యి పట్టుకుని గేటు వైపు లాక్కొచ్చేశాను. బండి సెక్యూరిటీ వాళ్లతో తీయించుకున్నాం.

దారిలో వాడి మొహం మాడిపోయింది. 'ఒక్కటి ఇవ్వాల్సింది కదా అన్నయ్యా. పూర్తిగా దొరికాడు' అన్నాడు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించేనని, కానీ కాపాడుకోవడానికి అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేయకూడదని అందులో ఉందని చెప్పాను. వెనక్కి తిరిగి ఉన్నవాడిని కొడితే అది రక్షణ అవదు, కేసు అవుతుందని చెప్పాను. వాడు వినలేదు. నిజం చెప్పాలంటే నేను ఆ నిమిషంలో సెక్షన్లేమీ ఆలోచించలేదు. ఆ బానెట్, దాని కింద కాంక్రీటు, రెండేళ్ల క్రితం నా చంకల కింద ఉన్న వాడి చేతులు, ఇవే కళ్లముందు తిరిగాయి. తాగి ఉన్న ఆ మనిషిని వెనక నుంచి పట్టుకోవడానికి అక్కడ తమ్ముడెవరూ లేడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి స్టాండ్ వేశాను. వాడు లిఫ్ట్ వైపు వెళ్లకుండా నిలబడిపోయాడు.

'సరే గానీ, ఆ చెయ్యి ఎలా తిప్పావు? మళ్లీ చూపించు.'

అర్ధరాత్రి ఒంటిగంటకి, ట్యూబ్‌లైట్ కింద, హెల్మెట్‌లు నేల మీద పెట్టి మొదలెట్టాం. వాచ్‌మన్ తాత లేచొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వాడు మెల్లగా ఎడమ చెయ్యి వేశాడు, తట్టాను. కుడి చెయ్యి వేశాడు, తట్టాను. ఇంకాస్త స్పీడ్‌గా వేశాడు, అదీ తట్టాను. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వంలో ఉండగానే పక్క నుంచి ఓ హుక్ వచ్చి ఠపీమని నా చెవి మీద పడింది.

'ఫోన్ అన్నయ్యా, ఫోన్! ఎత్తవేం?'